బుల్లక్క ఉతికిన కట్టుగుడ్డలు

నెత్తుటి గుడ్డని ముందే వేడినీళ్ళలో వెయ్యకూడదని బుల్లక్కకి లాండ్రీలో చేరిన మొదటిరోజే తెలిసింది. తెలిసిందంటే చీవాట్లు తిని తెలిసింది. బుట్టెడు కట్టుగుడ్డల్ని తీసుకెళ్ళి నేరుగా బాయిలర్లో కుమ్మరించబోతుంటే, మేస్త్రమ్మ వెనకనుంచి వచ్చి జబ్బ పట్టుకుని ఆపింది.

"వేడి తగిలిందా, మరక ఆ గుడ్డతోనే కాపురం పెట్టేస్తుంది. ముందు చన్నీళ్ళు, ఉప్పు. అది దిగాక సోడా. ఆ తర్వాతే మంట" అంది.

మేస్త్రమ్మ ఆస్పత్రి లాండ్రీకి పెద్ద. ఆమె నోటికి డాక్టర్లు కూడా జంకేవాళ్ళు. ఆస్పత్రి వెనకవైపు, నేలకి నాలుగు మెట్లు దిగితే వచ్చే పొడవాటి గది అది. ఒక గోడ పొడవునా సిమెంటు తొట్లు, ఇంకో గోడకి రెండు బాయిలర్లు, మధ్యలో పిండే మర. ఆవిరికి గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుండేది. కిటికీలోంచి చూస్తే వరండాలో నడిచేవాళ్ళ పాదాలు మాత్రం కనిపించేవి. బుల్లక్క పదేళ్ళు పోయాక కూడా కొందరు డాక్టర్లని మొహం చూసి కాక చెప్పులు చూసి గుర్తుపట్టేది.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. తమ్ముడు పెట్టిన పేరు బుల్లక్క. దండెం అందక ముక్కాలిపీట ఎక్కి బట్టలారేసేది కాబట్టి అలా పిలిచాడు. వాడు పిలిచాడని వీధంతా పిలిచింది. చివరికి ఆస్పత్రి హాజరు పట్టీలో కూడా అదే పడింది.

తండ్రి ఎప్పుడో పోయాడు. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, బుల్లక్క, తమ్ముడు. అన్నయ్యకి సందు మలుపులో సైకిల్ షాపు. తమ్ముడు ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. యుద్ధం మొదలయ్యేసరికి బుల్లక్కకి పంతొమ్మిది నిండలేదు. గాయపడ్డవాళ్ళు లారీల్లో వస్తున్నారని, ఆస్పత్రిలో చేతులు చాలడం లేదని తెలిసి వెళ్ళి చేరింది. కొత్త గుడ్డ దొరికే రోజులు కావవి. ఒకరి గాయానికి కట్టిన కట్టే విప్పి, ఉతికి, ఉడికించి, ఎండలో ఆరేసి, చుట్ట చుట్టి ఇంకొకరికి కట్టాలి. గుడ్డ పీలికలైపోయేదాకా అంతే.

మగవాళ్ళని సైన్యంలోకి పిలిచినప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసే వెళ్ళారు. అన్నయ్యవి సోడాబుడ్డి కళ్ళద్దాలు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో గుమ్మమో చెప్పలేడు. డాక్టరు నవ్వి ఇంటికి పొమ్మన్నాడు. తమ్ముణ్ణి తీసుకున్నారు.

వెళ్ళేరోజు వాడు చొక్కా ఇస్త్రీ చెయ్యమని అక్క ప్రాణం తీశాడు.

"అక్కడికి వెళ్ళగానే యూనిఫాం ఇస్తారుగా, ఇప్పుడీ చొక్కాకి ఇస్త్రీ ఎందుకురా?" అందామె.

"వాళ్ళు ఇచ్చేదాకానైనా మనిషిలా కనబడనీవే" అన్నాడు.

కాలరు రెండుసార్లు చేయించుకున్నాడు. బస్సు ఎక్కేముందు అమ్మ కాళ్ళ దగ్గర కాసేపు కూర్చున్నాడు. అన్నయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

వాడు పోయిన కబురు సైకిల్ షాపుకి వచ్చింది. సైన్యం ఆఫీసు మనుషులిద్దరు వచ్చి, పంక్చరు వేయించుకుంటున్నాయన వెళ్ళిపోయేదాకా ఆగి అన్నయ్యకి చెప్పారు. నది మీద వంతెన దగ్గర దాడి జరిగింది, చాలామంది పోయారు, మీవాడూ పోయాడు. ఇంతే. శవం రాలేదు. ఎలా పోయాడని అన్నయ్య అడిగితే, అంతకుమించి తమకీ తెలియదన్నారు.

అమ్మ ఏడవలేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని లేవడం మానేసింది. తిండి మానేసింది. నోటి దగ్గరికి ఏది తీసుకెళ్ళినా మొహం తిప్పుకునేది. బుల్లక్క బతిమాలింది, వదిన బతిమాలింది, పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. చెవిన పెట్టలేదు. అదే వారం ఆస్పత్రికి లారీల మీద లారీలు వచ్చాయి. బుల్లక్క తెల్లారకముందే వెళ్ళి అందరూ పడుకునే వేళకి వచ్చేది. అలా పరిగెడుతుండగానే ఒకరోజు అమ్మ జావ తాగిందని వదిన చెప్పింది. ఎలా తాగిందని అడిగే ఓపిక కూడా ఆమెకి లేదు. తాగింది, అది చాలనుకుంది.

ఆ తర్వాతే పైవార్డు తెరిచారు.

మేడమీద మూల గదికి బయటనుంచి గొళ్ళెం పెట్టి, గుమ్మం దగ్గర తుపాకీతో ఒక మనిషిని కూర్చోబెట్టారు. లోపల ఉన్నది పట్టుబడ్డ శత్రు సైనికులు, గాయపడ్డవాళ్ళు. వాళ్ళ కట్టుగుడ్డలు వేరే బుట్టలో దిగాయి. ఆ బుట్టకి గుర్తుగా ఎర్ర తాడు కట్టారు.

లాండ్రీలో ఎవరూ ఆ బుట్ట ముట్టుకోలేదు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో ఇంటికి చావు కబురు రానివాళ్ళు తక్కువ. ఒకామెకి భర్త, ఒకామెకి ఇద్దరు మేనల్లుళ్ళు. పిండే మర దగ్గరుండే ఆవిడ ఆ బుట్టని కాలితో తలుపు మూలకి నెట్టింది. అందరూ మేస్త్రమ్మ వంక చూశారు.

"నేను ఉతకమని చెప్పను. ఉతకొద్దనీ చెప్పను. ఎవరి చేతులు వాళ్ళవి" అందామె.

మర్నాటికి ఆ పక్కన ఇంకో ఎర్ర తాడు బుట్ట చేరింది. వాసన మొదలైంది. బుల్లక్క తన పని తను చేసుకుంది. మనసులో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఆ కట్లు కట్టించుకున్నవాళ్ళలో వంతెన దగ్గరివాళ్ళు ఉండి ఉండాలి. తమ్ముణ్ణి చంపిన చెయ్యి ఆ గదిలోనే ఉండి ఉండాలి.

సాయంత్రం కట్లు కట్టే కాంపౌండరు మెట్లు దిగి వచ్చాడు. సన్నగా, వంగిపోయి ఉండేవాడు. అడగలేదు, బతిమాలలేదు. "పైవార్డులో గుడ్డ అయిపోయింది. చీము పట్టింది. ఉన్నవే తిప్పి కట్టాను" అని చెప్పి, ఖాళీ చేతుల్తో ఒక్క క్షణం నిలబడి, పైకి వెళ్ళిపోయాడు.

బుల్లక్క చేతులు తుడుచుకుని ఆయన వెనకాలే మెట్లెక్కింది. ఎందుకు వెళ్ళిందో తర్వాత ఎంతమంది అడిగినా సరిగ్గా చెప్పలేకపోయింది. చూడాలనిపించింది, అంతే. గుమ్మం దగ్గర తుపాకీ మనిషికి లాండ్రీ ఆవిడని తెలుసు. దారి ఇచ్చాడు.

ఆమె ఏదో ఒకటి ఎదురవుతుందనుకుంది. చూడగానే ఒళ్ళు మండే క్రూరమైన మొహమో, లేకపోతే తమ్ముడిలాంటి లేత మొహమో. రెండూ కాలేదు. గుమ్మానికి దగ్గర మంచం మీద ఒక బట్టతలాయన పడుకుని గురక పెడుతున్నాడు. నలభై దాటి ఉంటాయి. లావుగా, గడ్డం మాసి, నోరు తెరుచుకుని. తమ్ముడికీ ఆయనకీ ఏ పోలికా లేదు. ఎవరి పోలికా లేదు. కాలికి కట్టిన గుడ్డ పచ్చగా తడిసి, అంచులు గట్టిపడి అట్ట కట్టింది. ఆ గుడ్డ తను ఉతికిందే. అంచు కుట్టు ఊడితే తనే వేసిన దారం. నెల కిందట ఏ వార్డు నుంచో దిగితే ఉతికి, చుట్ట చుట్టి పంపింది.

కాసేపు నిలబడింది. ద్వేషం వస్తుందేమోనని చూసింది. రాలేదు. జాలీ రాలేదు. ముక్కు మూసుకుని కిందికి దిగింది. తలుపు మూల నుంచి రెండు బుట్టలూ ఈడ్చుకొచ్చి, చివరి తొట్టిలో చన్నీళ్ళు పట్టి, ఉప్పు వేసి, చేతులు ముంచింది.

పిండే మర దగ్గరావిడ మొహం తిప్పుకుంది. కొంతసేపయ్యాక మేస్త్రమ్మ వచ్చి, పక్కన నిలబడి రెండో బుట్ట అందుకుంది.

ఇలాంటి విషయాలు ఆస్పత్రి గోడల మధ్య ఆగవు. వారం తిరక్కుండా వీధికి తెలిసింది. వీధికి తెలిసినది అమ్మకి తెలియడానికి ఒక పూట పట్టింది.

బుల్లక్క ఆ రోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. బుల్లక్క అలవాటుగా వంటింట్లోకి వెళ్ళి జావ గిన్నె తెచ్చింది. అమ్మ గిన్నెకేసి చూడలేదు, చేతులకేసి చూసింది. సోడాకి పొక్కి, వేళ్ళ సందులు పగిలిన చేతులు అవి.

"నిజమేనా?" అంది.

"నిజమేనమ్మా."

"నా కొడుకుని చంపినవాళ్ళ గుడ్డలు ఉతికిన చేతుల్తో నాకు పెట్టకు."

బుల్లక్క గిన్నె కింద పెట్టింది. వదిన వచ్చి ఆ గిన్నె తీసుకుంది. అన్నయ్య కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతనికి అప్పుడేం కనిపించిందో గాని, ఎవరి పక్షానా మాట్లాడలేదు.

అమ్మ అన్న మాట మీద నిలబడింది. యుద్ధం అయిపోయింది, పైవార్డు ఖాళీ అయింది, దుకాణాల్లోకి కొత్త గుడ్డ వచ్చింది. అమ్మ మాత్రం వదిన పెడితేనే తినేది. కూతురితో మాట్లాడకుండా ఉండలేదు. కూరగాయల ధరలు మాట్లాడేది, పక్కింటి గొడవలు చెప్పేది, వెన్ను రుద్దమనేది. కూతురు ఉతికిన బట్టలే కట్టుకునేది. తిండి ఒక్కటే పుచ్చుకోలేదు. బుల్లక్క కూడా మళ్ళీ అడగలేదు. ఏ సంబంధం వచ్చినా వద్దంది. ఎందుకంటే చెప్పలేదు. వదినకి కొడుకు పుట్టాక ఇల్లు ఇరుకైందని సాకు చెప్పి, ఆస్పత్రి దగ్గరే మేడమీద గది అద్దెకి తీసుకుంది. అయినా ఆదివారం ఆదివారం వచ్చి అమ్మ దుప్పట్లు ఉతికి వెళ్ళేది.

అమ్మకి చివర్లో చూపు పోయింది, వినికిడి తగ్గింది. ఒక మధ్యాహ్నం వదిన బజారుకి వెళ్ళింది. అమ్మ నోరు ఆరిపోయి పెదాలు కదుపుతోంది. బుల్లక్క చాలాసేపు తటపటాయించి, చెంచాతో జావ తీసి పెదాలకి ఆనించింది. అమ్మ నోరు తెరిచింది. గిన్నె సగం తాగింది. తాగాక ఆ చేతిని పట్టుకుని, బొటనవేలితో వేళ్ళ సందుల్లో పగుళ్ళు తడిమింది. వదినవి మెత్తటి చేతులు. తెలిసే తాగిందో, తెలియక తాగిందో. ఆ తర్వాత రెండు రోజులకే పోయింది. బుల్లక్క ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకి అనుకూలంగా తేల్చుకోనూ లేదు.

ఇక అన్నయ్య చెప్పే కథ.

తమ్ముడు పోయిన రోజున ఏటా అన్నయ్య ఇంట్లో అందరూ కలిసేవాళ్ళు. వాడి ఫొటో కింద గ్లాసులో నాలుగు పూలు పెట్టేవాళ్ళు. భోజనాలయ్యాక అన్నయ్య గొంతు సవరించుకునేవాడు. పిల్లలు చుట్టూ చేరేవాళ్ళు. వంతెన మీద మనవాళ్ళు వెనక్కి వస్తున్నారు. శత్రువులు తరుముకొస్తున్నారు. తమ్ముడు ఒక్కడూ వంతెన అవతల తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు. అందరూ దాటేదాకా కదల్లేదు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. కెప్టెన్ వెనక్కి రమ్మని కేకేశాడు. "మీరు పదండి సార్, నేను వెనకే వస్తున్నా" అన్నాడు. మనవాళ్ళందరూ దాటారు. వాడు దాటలేదు.

అన్నయ్య మామూలుగా నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. గిరాకీతో కూడా తల ఊపి సరిపెట్టేవాడు. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం కళ్ళద్దాల వెనక కళ్ళు పెద్దవయ్యేవి. ఒక్కో ఏడు ఒక్కో మాట చేరేది. వంటింటి గుమ్మంలో కూర్చుని బుల్లక్క కూడా వినేది. ఆఫీసు మనుషులు ఇదంతా చెప్పలేదని ఆమెకి తెలుసు. అయినా వినేది. ఆ కాసేపూ వాడు వానలో తడుస్తూ బతికే ఉండేవాడు.

పైవార్డు ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పిల్లలకి అలాంటిదొకటి జరిగిందనే తెలియదు.

అన్నయ్య ఒక చలికాలం దగ్గుతో మంచం పట్టి కోలుకోలేదు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఏడు అందరూ ఎప్పట్లాగే చేరారు. అన్నయ్య కొడుకు అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. సైకిల్ షాపు పోయి అతని చేతిలో మోటారు సైకిళ్ళ షాపు అయింది. ఆ రోజుల్లో సరిహద్దు దగ్గర మళ్ళీ ఏదో రగులుతోందని పేపర్లో రోజూ వస్తోంది. భోజనాల దగ్గర మాట దాని మీదికి మళ్ళింది.

"ఈసారి ఒక్కణ్ణి వదలకూడదు. పట్టుకున్నా వదలకూడదు. పట్టుకుని ముద్దలు పెట్టి మేపడమేంటి?" అన్నాడు మేనల్లుడు. కోపంగా కూడా కాదు, షాపులో విన్న మాట తెచ్చి అన్నట్టు అన్నాడు. పిల్లలు తండ్రి మొహం చూసి తలలూపారు.

తర్వాత అతనే, "అత్తా, నాన్న లేడుగా. కథ ఇంక నువ్వే చెప్పాలి" అన్నాడు.

బుల్లక్కకి అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాయి. గుమ్మంలోంచి లేచి వచ్చి, అన్నయ్య కూర్చునే కుర్చీలో కాకుండా పక్కన బల్ల మీద కూర్చుంది.

"మీ నాన్న చెప్పినట్టు నాకు చెప్పడం రాదురా. వంతెన దగ్గర నేను లేను. నేను చూసింది చెబుతాను, వింటారా?"

చెప్పింది. ఎర్ర తాడు బుట్ట దగ్గర మొదలుపెట్టింది. చన్నీళ్ళు, ఉప్పు, సోడా, అన్నీ చెప్పింది. బట్టతలాయన గురక చెప్పింది. అమ్మ అన్న మాట చెప్పింది. తన చేతి జావ ముట్టలేదని చెప్పింది. చివరి చెంచా సంగతి మాత్రం చెప్పలేదు. అది తనది.

మేనల్లుడి మొహం ఎర్రబడింది. "అయితే నాన్న చెప్పింది అబద్ధమంటావా?"

"నేను అక్కడ లేనన్నాను. అబద్ధమనలేదు."

"బాబాయిని చంపినవాళ్ళకి సేవ చేశానని చెప్పుకుంటున్నావు. మరి వాళ్ళని క్షమించేశావన్నమాట."

"లేదురా. అప్పుడూ క్షమించలేదు, ఇప్పుడూ లేదు. క్షమించినవాళ్ళే ఉతకాలని ఎవరూ అనలేదు. గుడ్డ మురికిగా ఉంది, కాలు కుళ్ళిపోతోంది. నాకు తెలిసిన పని అదొక్కటే. మీ బాబాయిని తెచ్చి ఇస్తే ఉతక్కుండా ఉండేదాన్నేమో. ఎవరూ తెచ్చి ఇవ్వలేదు."

వదిన లేచింది. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మేనల్లుడి కూతురు అడిగింది. "వాళ్ళకి తగ్గిందా?"

"కొందరికి తగ్గింది. బట్టతలాయనకి తగ్గలేదు."

"మరి నీకు ఏడుపొచ్చిందా?"

"రాలేదమ్మా. ఆయన దుప్పటి కూడా ఉతికాను."

ఆ రోజు ఆమెని ఎవరూ సాగనంపలేదు. తనే చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. చెప్పకుండా ఉండాల్సిందా అని దారిపొడుగునా ఆలోచించింది. అన్నయ్య కథ పిల్లలకి అండగా ఉండేది. తను దాన్ని కదిలించి, దాని బదులు ఒక బుట్టెడు మురికి గుడ్డలు ఇచ్చింది.

కొన్ని వారాలు అటునుంచి ఎవరూ రాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఆయాసం వినిపించింది. వదిన. మోకాళ్ళ నొప్పితో అన్ని మెట్లు ఎలా ఎక్కిందో. బుల్లక్క కుర్చీ జరిపి, మంచినీళ్ళిచ్చింది. వదిన నీళ్ళు తాగి, గది అంతా చూసి, "పోపు వాసన వస్తోంది, వంట అయిందా?" అంది. తర్వాత అసలు మాటకి వచ్చింది.

"ఆ రోజు నీ మీద కోపంతో లేవలేదు బుల్లక్కా. అబద్ధమనలేదన్నావు చూడు, నీకు తెలియదని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ నీకూ తెలుసనే అనుకున్నాను."

"ఏం తెలియదు?"

"వంతెన కథ. అది మీ అన్నయ్య మీ అమ్మ కోసం కట్టాడు."

వదిన చెప్పుకుపోయింది.

"అత్తయ్య తిండి మానేసింది చూడు, అప్పుడు. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. ఈయన జావ గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎంతకీ నోరు తెరవదు. అప్పుడన్నాడు, అమ్మా, షాపుకి ఒక సైనికుడు వచ్చాడు, తమ్ముడితో ఉన్నవాడట, అంతా చెప్పాడు అని. అలాంటివాడెవడూ రాలేదు. నేను వంటింట్లోనే ఉన్నానుగా, నాకు తెలుసు. అత్తయ్య ఇటు తిరిగింది. ఏం చెప్పాడు అంది. ఈయన చెబుతూ చెంచా పెట్టాడు, ఆవిడ తాగింది. చెప్పడం ఆపితే నోరు మూసేది. వంతెన అయిపోయింది, మనవాళ్ళు దాటేశారు, కథ అయిపోయింది. గిన్నెలో ఇంకా సగం ఉంది." వదిన ఆగి, పెదవి కొరుక్కుంది. "అందుకని వాన మొదలెట్టాడు."

కిందనుంచి ఎవరో బకెట్టు ఈడ్చిన చప్పుడు వచ్చింది. బుల్లక్క చీర చెంగుతో మొహం కప్పుకుంది. తమ్ముడు పోయినప్పుడు గాని, అన్నయ్య పోయినప్పుడు గాని ఎవరి ముందూ అలా ఏడవలేదు. వదిన కుర్చీ దగ్గరికి జరిపి, ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"మర్నాడు మళ్ళీ చెప్పమంది. మూడో రోజు కెప్టెన్ వచ్చాడు. అలా అలా ఆవిడ లేచి కూర్చుంది. చెప్పగా చెప్పగా ఈయనే నమ్మేశాడు. నేనూ నమ్మాను. గుమ్మంలో కూర్చుని నువ్వొక్కదానివే నమ్మట్లేదనుకునేదాన్ని."

"నేనూ నమ్మాను వదినా. ఏటా నమ్మాను."

ఇద్దరూ కలిసి భోంచేశారు. పిల్లలకి చెప్పాలా వద్దా అని వదిన అడిగింది. చెబితే ఆయన్ని అబద్ధాలకోరు అంటారేమోనని ఆవిడ భయం.

"అనరు. జావ గిన్నెతో సహా చెబితే అనరు" అంది బుల్లక్క.

మరుసటి ఏడు వదినే చెప్పింది. కథలు చెప్పి ఎరగని మనిషి. ముందుది వెనక, వెనకది ముందు పెట్టి, మధ్యలో మర్చిపోయి, కోడలిని పిలిచి పొయ్యి ఆర్పావా అని అడిగి, ఎలాగో చివరికి చేర్చింది. వాన దగ్గరికి వచ్చేసరికి మేనల్లుడు తల వంచుకున్నాడు. తండ్రి చెప్పిన వంతెన మీద అతను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు నిలబడ్డాడో. చాలాసేపటికి తలెత్తి బుల్లక్కని చూశాడు.

"అత్తా, అయితే బాబాయి అసలు ఎలా ఉండేవాడు?"

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడు ఎలా పోయాడన్నదే అందరికీ కావాల్సి వచ్చింది. ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో ఆమెకి తెలియలేదు.

"బల్లి కనిపిస్తే బల్ల ఎక్కేవాడు" అంది ముందు. పిల్లలు నవ్వారు. "గోళ్ళ సందుల్లో ఎప్పుడూ సిరా. పాట అందుకుంటే పక్కింటివాళ్ళు కిటికీ మూసేవాళ్ళు. ఒకసారి పాల దుకాణానికి ప్రకటన కాగితాలు అచ్చు వేశాడు. 'ఇచ్చట స్వచ్ఛమైన పాలు అమ్మబడును' అని వెయ్యాలి. కబుర్లలో పడి 'పా' రెండుసార్లు పెట్టాడు."

మేనల్లుడి కూతురు నోట్లో అక్షరాలు కూడబలుక్కుంది. "స్వచ్ఛమైన పాపాలు."

"వీధి వీధంతా ఆ కాగితాలే. దుకాణం ఆయన కర్ర పట్టుకుని ప్రెస్సుకి వచ్చాడు. వీడు మిషను వెనక దాక్కున్నాడు. తీరా చూస్తే ఆ వారం జనం చూడ్డానికి వచ్చి పాలు కొనుక్కెళ్ళారట. నెల తిరిగాక ఆయనే వచ్చి, అబ్బాయీ, ఈసారి పెరుగుకేమైనా చేస్తావా అన్నాడు."

వదిన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మేనల్లుడు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక అందరూ ఫొటో వైపు చూశారు. పద్దెనిమిది దాటీ దాటని మొహం. కాలరు బాగా ఇస్త్రీ చేసి ఉంది.

పొద్దు వాలేముందు బుల్లక్క లేచింది. మేనల్లుడు బస్సు స్టాపు దాకా వస్తానని కూడా వచ్చాడు. స్టాపు దగ్గర నిలబడ్డాక అడిగాడు.

"ఆ బట్టతలాయన పేరేంటి అత్తా?"

"తెలియదురా. మంచానికి నంబరు ఉండేది. నేను అడగలేదు." కాస్త ఆగి, "అడగాల్సింది" అంది.

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యి ఇచ్చి ఎక్కించాడు. వెనక్కి వెళ్ళిపోతాడనుకుంది. అతను రెండు టిక్కెట్లు తీసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.